ఇంట్లో నెట్టుకు కాపలా

పోయిన నెల ఈ పేజీకి రాయలేకపోయినాను. ఇంట్లో గలాటా. ఆ సంగతే ఇప్పుడు చెప్తాను.

మాది లక్కూరు. కొడుకు రోజూ బెంగుళూరు డ్యూటీకి పోయి వస్తాడు. ఇంటికి వైఫై వచ్చినాక, పిల్లలు చెడ్డ సైట్లలో పడకూడదని అరచేతిలో పట్టేంత కంప్యూటర్ తెచ్చి రౌటర్‌కు తగిలించినాడు. రాస్‌బెర్రీ పై అంట. అందులో పై-హోల్ అని ఉచిత సాఫ్ట్‌వేర్. మనం సైటు పేరు కొడితే దాని నంబరు వెతికిచ్చేది డిఎన్ఎస్, ఫోను నంబర్ల పుస్తకం మాదిరి. పై-హోల్ దగ్గర చెడ్డ పేర్ల పట్టీ ఉంటుంది. పట్టీలో ఉన్న పేరుకు అసలు నంబరు ఇవ్వదు, సైటు రాదు.

వాడు దొరికిన పట్టీలన్నీ ఎక్కించినాడు. మనవరాలి కాలేజీ ఫీజుకు ఆఖరి రోజు. డబ్బు కట్టే పేజీ రాలేదు. పాస్‌వర్డ్ వాడికే తెలుసు, వాడు ఫోను ఎత్తలేదు. పాప ఏడ్చి ఏడ్చి, వైఫై ఆపేసి ఫోను డేటాలో కట్టె. అంతే, ఇంటిల్లిపాదీ ఆ ఉపాయం నేర్చుకున్నారు. కాపలావాడు తలవాకిట్లో, మేమందరం పెరటి దారిలో.

మిల్లులో ఇదే చూసినాను. పడుగు దారం తెగితే దాని మీది సన్న రేకు కిందపడి లూము తనంతట తానే ఆగాలి. ఆగకపోతే గుడ్డ చెడుతుంది. కానీ దారం తెగకుండానే మాటిమాటికీ ఆగే లూము మీద కూలి గిట్టదు. అప్పుడు ఆ ఏర్పాటునే పని చేయకుండా కట్టేసేవాళ్లు. నేనూ కట్టినాను, దాచేదేముంది. జాబర్ తిట్టిపోయేవాడే గాని సరిగా అమర్చేవాడు కాదు.

ఆ వారంలోనే మా ఇంటామె ఫోనుకు మెసేజి వచ్చె, బ్యాంకు అకౌంటు ఆగిపోతుందని. ఆమెకూ వైఫై ఆపే అలవాటు వచ్చేసింది. లింకు నొక్కి ఓటీపీ కొట్టింది. నాలుగు వేలు పోయినాయి. వెంటనే 1930కి ఫోన్ చేసినాము, డబ్బు ఇంకా రాలేదు. వైఫైలో ఉంటే పై-హోల్ ఆపేదా? ఆ పేరు పట్టీలో ఉంటేనే కదా. ఓటీపీ ఫోనులో అడిగే దొంగను అదెట్లా ఆపుతుంది?

ఆదివారం కొడుకును కూర్చోబెట్టి పట్టీలు తగ్గించమన్నాను. మోసం సైట్లది, బూతు సైట్లది, రెండే ఉంచినాడు. ఇంటామె ఫోను సెట్టింగుల్లో ప్రైవేట్ డిఎన్ఎస్ అని ఉంటే, అక్కడ క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల పేరు వేసినాడు. 2020 నుంచి వాళ్లు వైరస్, మోసం సైట్లను ఆపే డిఎన్ఎస్‌ను ఊరికే ఇస్తున్నారు. ఇది ఫోను డేటాలో కూడా వెంట ఉంటుంది.

పాస్‌వర్డ్ గోడ మీద రాయొద్దన్నాడు. నా పాత హాజరు కార్డు వెనక రాసుకున్నాను. మొన్న పాప హాల్ టికెట్ పేజీ రాకపోతే, దాన్ని వదలాల్సిన పేర్లలో నేనే చేర్చినాను. రెండు నిమిషాలు పట్టె.