రాజు వెళ్ళాడు, బోర్డు ఉంది

కిందటి సంచికలో ఈ శీర్షిక కింద నేను రాసిన ఒక వాక్యం తప్పు. ముందు అది ఒప్పుకుని ఆ తర్వాత కబుర్లలోకి వస్తాను.

మా బరంపురంలో మనవాళ్ళ పాత హాలుకి మరమ్మతులు జరుగుతున్నాయి. గుమ్మం పక్కన పాలరాతి పలక ఒకటుంది. స్థలం ఇచ్చిన జమీందారుగారి పేరు, దానికి ముందు రెండు వరుసల బిరుదులు. ఆ బిరుదులు చెక్కేయాలని కుర్రవాళ్ళు, పలక ముట్టుకోవద్దని పెద్దవాళ్ళు పట్టుబట్టారు. నేను వయసుకి పెద్దవాణ్ణే అయినా చెయ్యి మాత్రం కుర్రవాళ్ళ వైపు ఎత్తాను. ఆ ఊపులోనే, "ఐర్లండువాళ్ళని చూడండి, స్వతంత్రం రాగానే రాజు అన్న మాట ఎక్కడ కనబడితే అక్కడ తుడిచేశారు" అని ఇక్కడ రాసేశాను. సంచిక అందిన వారానికి డబ్లిన్‌లో డాక్టరుగా ఉన్న మా అమ్మాయి ఫోను చేసింది. "నాన్నగారూ, ముందుగదిలో మీరు ఫ్రేము కట్టించి పెట్టిన నా సర్టిఫికెట్టు ఒక్కసారి చదవండి" అంది. చదివాను. రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ ఇన్ ఐర్లండ్. రోజూ దాని కిందే కూర్చుని కాఫీ తాగుతాను!

నేను రాసింది పూర్తిగా అబద్ధమూ కాదు. అక్కడ తుడిచినవి చాలానే ఉన్నాయి. నాలుగో జార్జి రాజు 1821లో ఓడ ఎక్కిన రేవుకి కింగ్స్‌టౌన్ అనీ, విక్టోరియా రాణి 1849లో దిగిన రేవుకి క్వీన్స్‌టౌన్ అనీ పేర్లు పెట్టారు. స్వతంత్ర పోరాటం ఇంకా సాగుతుండగానే, 1920లో, ఆ రెండు ఊళ్ళూ డన్ లేరీ, కోవ్ అని పాత పేర్లకి తిరిగి వెళ్ళాయి. కింగ్స్ కౌంటీ, క్వీన్స్ కౌంటీ అన్న జిల్లాలు ఆఫలీ, లీష్ అయ్యాయి. 1922లో రాయల్ పోలీసు దళం రద్దయింది. రాయల్ బారక్సుకి చనిపోయిన సేనాని మైకేల్ కాలిన్స్ పేరు పెట్టారు. 1948లో పార్లమెంటు ముందునుంచి విక్టోరియా రాణి విగ్రహాన్ని కూడా పంపించేశారు. అది ఎన్నో ఏళ్ళు మూలపడి, చివరికి ఆస్ట్రేలియా చేరి, 1987 నుంచి సిడ్నీలో ఒక బజారు భవనం ముందు కూర్చుని ఉంది. మరుసటి ఏడు, 1949 ఏప్రిల్ 18న, ఐర్లండు పూర్తి రిపబ్లిక్ అయింది.

అయితే అమ్మాయి చదివిన కాలేజీ సంగతేమిటి? రెండేళ్ళ కిందట తన దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ భవనం ముందు నిలబడి ఫొటో కూడా తీయించుకున్నాను. సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అనే పెద్ద పార్కుకి ఎదురుగా, లావుపాటి రాతి స్తంభాలతో ఉంటుంది. 1784లో మూడో జార్జి ఇచ్చిన చార్టరుతో పుట్టింది. 1916 ఈస్టరు తిరుగుబాటులో మైకేల్ మాలిన్, కౌంటెస్ మార్కీవిచ్ తమ దళంతో పార్కులోంచి ఈ భవనంలోకి వచ్చి వారం దాకా నిలబెట్టుకున్నారు. బ్రిటిషు సైన్యం కాల్చిన తూటాల గుంటలు ఇప్పటికీ ఆ స్తంభాల మీద ఉన్నాయి. మా అమ్మాయి నా వేలు పట్టుకుని ఒక గుంటలో పెట్టించింది. మాలిన్‌ని తుపాకులతో కాల్చి చంపారు. అలాంటి గోడ మీద, ఆయన పక్షం గెలిచిన తర్వాత కూడా, రాయల్ అన్న మాట అలాగే ఉంది. 2019లో ఆ సంస్థ విశ్వవిద్యాలయం హోదా పొందినప్పుడు కూడా తీయలేదు.

ఎందుకు అని అడిగితే, సగం జవాబు కాగితాల్లో ఉంది. చార్టరు అంటే ఆ సంస్థకి జన్మపత్రం లాంటిది. పరీక్ష పెట్టే హక్కు, పట్టా ఇచ్చే హక్కు అన్నీ దానిమీదే నిలబడ్డాయి. దాన్ని చింపేస్తే పట్టాలు పుచ్చుకున్నవాళ్ళంతా ఏమైపోవాలి? అందుకని రిపబ్లిక్ ఒక తెలివైన పని చేసింది. 1965లోనూ, మళ్ళీ 2003లోనూ రాజు ఇచ్చిన చార్టరుని ప్రజలు ఎన్నుకున్న పార్లమెంటే చట్టం చేసి సవరించింది. రాజుగారి కాగితం మీద ప్రజల దిద్దుబాటు అన్నమాట. ఆ పార్లమెంటు కూర్చునే లెన్‌స్టర్ హౌసు కూడా ఒకప్పుడు రాయల్ డబ్లిన్ సొసైటీవారిదే. 1922లో వాళ్ళ ఉపన్యాసాల హాలు తీసుకుని, 1924లో భవనమంతా కొనేశారు. సొసైటీ అదే పేరుతో వేరే చోట గుర్రాల ప్రదర్శన జరుపుకుంటోంది.

మిగతా సగం జవాబు నాకు రాయల్ ఐరిష్ అకాడమీలో దొరికింది. అది 1785లో పెట్టిన పండిత సభ. పాత ఐరిష్ తాళపత్రాల వంటి చర్మపు ప్రతులెన్నో అక్కడ భద్రంగా ఉన్నాయి. వాళ్ళ భాషకి మహా నిఘంటువు కూడా 1913 నుంచి 1976 దాకా ఈ సభే అచ్చువేసింది. ఇంగ్లీషు పాలనలో వీధిలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి మూలకి జరిగిపోయిన భాషకి పదాల ఖజానా కట్టింది రాజు పేరున్న సభ! పొరుగు రాష్ట్రంలో ఉండి పిల్లలకి తెలుగు వాచకం వెతుక్కునే మనలాంటివాళ్ళకి ఆ నిఘంటువు విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఆ సభలో ఓయిన్ మాక్‌నీల్ అనే చరిత్రకారుడు సభ్యుడు. ఐరిష్ వాలంటీర్ల దళానికి ఆయనే అధిపతి. 1916 తిరుగుబాటు వద్దని చివరి నిమిషంలో ఆపబోయిన మనిషి. అయినా సైనిక కోర్టు ఆయనకి యావజ్జీవ శిక్ష వేసింది. అకాడమీ ఆయన్ని సభ్యత్వంలోంచి తీసేసింది. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు, పండితులు చేయవలసిన పని కాదు. తర్వాత ఆయన విడుదలయ్యాడు, స్వతంత్ర ప్రభుత్వంలో విద్యామంత్రి అయ్యాడు, తిరిగి సభలోకి వచ్చాడు, 1940లో దానికే అధ్యక్షుడయ్యాడు. తనను గెంటేసిన సభ పేరు మార్చాలంటే ఆయనకంటే హక్కున్నవాడు ఎవరు? పేరు మాత్రం మారలేదు.

అన్నట్టు, ఆ సభకి ఐరిష్‌లోనూ పేరుంది. అందులో రాయల్‌కి బదులు "రీగా" అంటారు. వాళ్ళ భాషలో "రీ" అంటే రాజు. సంస్కృతంనుంచి మనకొచ్చిన రాజు, లాటినులోని రెక్స్, వాళ్ళ రీ, అన్నీ ఒక్క మూలానివే. ఇంగ్లీషువాళ్ళు రాకముందే వాళ్ళకి సొంత రాజులున్నారు. కింగ్స్‌టౌన్ తీసేసి పెట్టుకున్న డన్ లేరీకి అర్థం ఏమిటనుకున్నారు? లేరీ అనే పాత ఐరిష్ రాజుగారి కోట!

మా ఊరివాళ్ళకి ఇంకో విశేషం. ఇక్కడే 1894లో పుట్టిన మన వి.వి.గిరిగారు 1913లో డబ్లిన్ వెళ్ళి న్యాయశాస్త్రం చదివారు. బారిస్టరు పట్టా ఇచ్చింది కింగ్స్ ఇన్స్, అంటే రాజుగారి సత్రమనే అనుకోండి, 1541 నాటిది. 1916 జూన్‌లో పట్టా పుచ్చుకున్న గిరిగారిని, తిరుగుబాటువాళ్ళతో సంబంధముందన్న అనుమానంతో, దేశం విడిచి పొమ్మన్నారు. కింగ్స్ ఇన్స్ ఈనాటికీ అదే పేరుతో బారిస్టర్లని తయారుచేస్తోంది.

ఇదంతా చదివాక నాకు ఒక తేడా కనబడింది. పైనుంచి ఊరి నెత్తిన పెట్టిన పేర్లని ఊరివాళ్ళు దించుకున్నారు. లోపల పనిచేసేవాళ్ళు తమదిగా చేసుకున్న పేర్ల జోలికి పోలేదు. అంతా ఉదారబుద్ధే అని మాత్రం నేననను. ఆ సంస్థల్లో చాలాకాలం పాత దొరల కుటుంబాలే పెత్తనం చేశాయి, బద్ధకం కూడా కొంత ఉండే ఉంటుంది. అక్కడి తపాలా పెట్టెలే చూడండి. ఎరుపు మీద ఆకుపచ్చ వేశారు, అంతే. దగ్గరికి వెళ్ళి తడిమితే రంగు కింద విక్టోరియా రాణి పేరు పొడి అక్షరాలు వేలికి తగులుతాయి.

మా హాలు పలక ఏ జాతిదో నాకు ఇంకా తేలలేదు. జమీందారుగారు స్థలం ఇచ్చిన మాట నిజం. ఆ స్థలం శిస్తు కట్టలేని రైతుదని మా ఊళ్ళో ఒక పెద్దావిడ చెప్పేది, అదీ విన్నాను. నా వాక్యం చూపించి కుర్రవాళ్ళు రాతిపనివాణ్ణి కూడా మాట్లాడేశారు. ఆదివారం కమిటీ మళ్ళీ కూర్చునేదాకా ఉలి పెట్టొద్దని అతనికి చెప్పి వచ్చాను. ప్రస్తుతం పలక మీద గోనెపట్టా కప్పి ఉంది.