కాలువలలో థర్మోకోలు

గోదావరి డెల్టాలో పంటకాలువల వెంబడి నడచువారికి తూములయొద్దను, వంతెనల క్రిందను తేలియాడు తెల్లని ముక్కలు క్రొత్తవి కావు. అవి థర్మోకోలు పెట్టెల శకలములు. భీమవరము, ఆకివీడు ప్రాంతముల రొయ్యలును చేపలును మంచుతో దూరపట్టణములకు చెడకుండ చేరుట కీ పెట్టెలు మిక్కిలి యుపకరించుచున్నవి. వానిని నిందించుట మా యుద్దేశము కాదు. సరకు దిగిన పిమ్మట ఖాళీపెట్టె గతి యేమనునదియే మా ప్రశ్న.

2022 జూలై 1వ తేదీనుండి కేంద్రప్రభుత్వమువారు ఒక్కమారు వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులను కొన్నింటిని నిషేధించిరి. అలంకరణకు వాడు థర్మోకోలు ఆ పట్టికలో నున్నది; చేపలపెట్టె లేదు. పెండ్లిపందిటిలో వధూవరుల పేళ్ళు చెక్కిన పలక నిషిద్ధమయ్యెను. (దానినైన మానినవా రెందఱో మా చదువరులే యెఱుగుదురు.) పెట్టెల విషయమున నున్నది 2022 ఫిబ్రవరిలో ప్రకటింపబడిన ఉత్పత్తిదారుల బాధ్యతా నిబంధన మాత్రమే. ప్యాకింగు ప్లాస్టిక్కును బజారున ప్రవేశపెట్టినవారే దానిని తిరిగి సేకరింపజేసి పునరుత్పత్తికి పంపవలెనని దాని సారాంశము. కాని యా సేకరణ దేశమున నెచ్చట జరిగినను లెక్కకు వచ్చును. నగరములలో సులభముగా దొరకు గట్టి ప్లాస్టిక్కుతో లెక్క సరిపోవుచుండగా, ఉప్పుటేటి యొడ్డున చిక్కుకొన్న పెట్టెను వెదకుచు ఎవరు రాగలరు?

అసలు చిక్కు థర్మోకోలు స్వభావమునందే కలదు. అందు నూటికి 98 పాళ్ళు గాలి. ఘనమీటరు థర్మోకోలు సుమారు 20 కిలోలు తూగును. 30 ఘనమీటర్ల లారీని సందులేకుండ నింపినను 600 కిలోలు మించదు. బోలుపెట్టెలైనచో అంతకంటె చాల తక్కువ. ఏ పాతసామానుల వర్తకుడు గాలికి కిరాయి కట్టును? అదే సరకును మరతో అదిమి దిమ్మలుగా చేసినచో ఘనమీటరుకు 300 కిలోలు పట్టును, ఆ లారీలోనే 9 టన్నులు పోవును. ఈ యదుముటకు కొలిమి యక్కఱలేదు, కొలదిపాటి విద్యుచ్ఛక్తి చాలును. కరగించి ముద్దచేయు పద్ధతియు కలదు. దిమ్మ మఱింత గట్టిపడునుగాని వేడిఖర్చును పొగయు నెక్కువ. జపానులో చేపలబజారులందే పెట్టెలను దిమ్మలుగా మార్చి అమ్ముట యెంతో కాలముగా సాగుచున్నది. ఆ దిమ్మలు పటముల చట్రములుగా మఱల పుట్టుచున్నవి.

థర్మోకోలునకు మూలపదార్థమగు స్టైరీనును మనదేశము ప్రధానముగా విదేశములనుండి కొనుచు వచ్చినది. డబ్బు పెట్టి తెచ్చుకొన్నదానిని కాలువపాలు చేయుట ఏమి స్వదేశీయత? గట్టున తగులబెట్టినచో నల్లని మసియు విషపుపొగయు మన యూళ్ళమీదనే క్రమ్మును. నీటిలో విడిచినచో పూసలుగా రాలి చేపల నోటబడును.

కావున ఐసు ఫ్యాక్టరీలు, ప్యాకింగు షెడ్లు గల పట్టణములలో పురపాలకసంఘమువారును వర్తకులును కలిసి అదుము యంత్రములను నెలకొల్పవలెను. ముందుగా నీసు వదలునట్లు పెట్టెలు కడుగుటకు వసతియు, ఆ మురుగు కాలువలోనికి పోకుండ నేర్పాటును వలయును. పెట్టె అమ్మినప్పుడే కొంత సొమ్ము పూచీగా తీసికొని, తిరిగి తెచ్చినవాని కిచ్చినచో కూలివాడు సైతము దానిని పారవేయడు. చెరువులుగల భూస్వాములు తమ సరకు కొనువారిని, పెట్టెలు చేయువారిని ఈ ఖర్చులో భాగమడుగవలెను. వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలోనే యీ పని ప్రారంభమగుట మేలు; మఱల నీరు వదలిన తరువాత ఆ ముక్కలు సముద్రము చేరువఱకు నెవరికిని చిక్కవు.