మోటారు మన మెకానిక్ చేస్తాడు, కంట్రోలరు సంగతేమిటి?

బోరు మోటారు కాలితే రైతు పోయేది కంపెనీ దగ్గరికి కాదు, మండల కేంద్రంలోని వైండింగ్ షాపుకు. కాలిన తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పట్టించి మళ్లీ నీళ్లు పోయించేది ఆ మెకానిక్కే. సాంకేతిక పరిజ్ఞానం గురించి జరిగే సభల్లో అతని పేరెత్తేవాళ్లు అరుదు.

ఇప్పుడు మోటార్ల రకమే మారుతోంది. సోలార్ పంపుల్లో చాలావాటిలో, ఎలక్ట్రిక్ స్కూటర్లలో తిరిగేది శాశ్వత అయస్కాంతాల మోటారు. రోటరులో అయస్కాంతాలే ఉండటంతో అక్కడ కరెంటు వేడిగా మారి వృథా కాదు. అందుకే అదే పనికి తక్కువ కరెంటు సరిపోతుంది.

ఇదేదో మన చేతికి అందని విద్య కాదు. తుక్కు సామానుతోనే చేయొచ్చు. కాలిపోయిన మూడు ఫేజుల మోటారు స్టేటరును మళ్లీ చుట్టించాలి. రోటరును అయస్కాంతాల మందం మేరకు లేత్ మీద తగ్గించి, ఉత్తర, దక్షిణ ధ్రువాలు ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా ఎపాక్సీతో అతికించాలి. వేగానికి ఊడి ఎగిరిపోకుండా పైన గ్లాస్ ఫైబర్ టేపు గట్టిగా చుట్టాలి. ధ్రువాల సంఖ్య వైండింగుతో సరిపోవాలి. అయస్కాంతాలను కాస్త ఏటవాలుగా పెడితే తిరిగేటప్పుడు పట్టిపట్టి వదలడం తగ్గుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. సాధారణ రకం నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతుంది, ఎండాకాలం మోటారు లోపల ఆ వేడి మామూలే. నల్లగా ఉండే ఫెర్రైట్ అయస్కాంతాలు బలం తక్కువైనా వేడికి తట్టుకుంటాయి. ఇంత శ్రమ వద్దనుకుంటే తుక్కుకు పోయే స్కూటరు చక్రం మోటారును ఉన్నదున్నట్టు తీసి, చైను వేసి గడ్డి కోసే మిషనుకు బిగించుకోవచ్చు.

(కరెంటే లేకుండా అయస్కాంతాలతో తిరుగుతుందని ఫోన్లలో చూపించే మోటారు మాత్రం మోసం. దానికి ఎవరూ పైసా కట్టొద్దు.)

అసలు చిక్కు మోటారులో లేదు, కంట్రోలరులో ఉంది. ఈ మోటారును నేరుగా మూడు ఫేజుల లైనుకు కలిపితే తిరగదు. ప్యానెల్ నుంచి వచ్చే కరెంటును రోటరు వేగానికి తగ్గట్టు మూడు వైండింగులకు వంతులవారీగా పంపే పెట్టె కావాలి. ఆ పెట్టెలో చిన్న భాగం పోయినా పంపు ఆగుతుంది. బోర్డు మీద జిగురు పోసి మూసేసి, సర్క్యూట్ బొమ్మ ఇవ్వకుండా, సాఫ్ట్‌వేరుకు తాళం వేసి అమ్మితే వైండింగ్ షాపు మెకానిక్ ఏం చేయగలడు?

2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకంలో విడి సోలార్ పంపుకు కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తే మిగతాది రైతు వాటా. ఆ రైతు వాటాకు బ్యాంకు అప్పు తెచ్చుకోవచ్చన్నారు. కంపెనీ అయిదేళ్లు చూసుకోవాలి. ఆరో ఏడు? ప్రజల డబ్బుతో కొన్న పంపును బాగుచేసే హక్కు అమ్మినవాడి ఒక్కడి చేతిలో ఉండటం ఒప్పుకోదగింది కాదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై వేసిన కమిటీ పరిధిలో వ్యవసాయ పరికరాలు కూడా ఉన్నాయి. ఆ హక్కు సోలార్ పంపు టెండర్లలో షరతుగా కనిపించాలి.

అయస్కాంతాల సంగతీ తేలిగ్గా తీసుకోలేం. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన ఖనిజాలు, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతికి అనుమతులు తప్పనిసరి చేయగానే మన వాహన కంపెనీలు కంగారుపడ్డాయి. అలాంటప్పుడు పాత మోటార్ల అయస్కాంతాలను ఇనుముతో కలిపి తూకానికి అమ్మేయడం తెలివితక్కువ పని.

సంఘం ఈసారి జిల్లా అధికారులకిచ్చే వినతిపత్రంలో మూడు కోరికలు చేరాలి: సబ్సిడీ పంపు ప్రతిదానికీ తెలుగులో మరమ్మతు పుస్తకం, సర్క్యూట్ బొమ్మ, పదేళ్లపాటు బయట మార్కెట్లో విడి బోర్డులు, మండలానికి ఇద్దరు వైండింగ్ మెకానిక్కులకు ఐటీఐలో ప్రభుత్వ ఖర్చుతో కంట్రోలరు శిక్షణ.