చక్రవర్తి తల వంచిన చోటు

మా పెద్దవాడు ఉద్యోగరీత్యా రెండేళ్ళుగా బీజింగులో ఉంటున్నాడు. కిందటి మార్గశిరంలో నన్నూ, వాళ్ళ అమ్మనూ పిలిపించుకున్నాడు. అక్కడి చలి సంగతి ఏమని చెప్పను! మా ఆవిడ రెండు శాలువలు కప్పి, పైన మావాడి కోటు తొడిగి, "ఇదేమి యాత్రరా నాయనా!" అంటూనే బయలుదేరింది.

చూచినవన్నీ ఏకరువు పెట్టను. మనస్సులో నిలిచినది ఒక్కటే: టియాన్‌తాన్. టియాన్ అంటే ఆకాశం, తాన్ అంటే వేదిక. పేరుకు తగినట్టు ఇక్కడ మూలవిరాట్టు లేదు. పైన ఉన్న ఆకాశమే దేవుడు.

మింగ్ వంశపు యోంగ్‌లె చక్రవర్తి కాలంలో, 1420లో ఇది పూర్తయినది. విస్తీర్ణం 273 హెక్టార్లు, అంటే సుమారు 675 ఎకరాలు. చక్రవర్తి తన కోసం కట్టుకున్న కోటకు ఇది మూడింతల పైమాటే. ప్రాకారం ఉత్తరాన గుండ్రంగా, దక్షిణాన పలకగా ఉంటుంది. ఆకాశం గుండ్రన, భూమి పలక అని పూర్వం చీనావారి నమ్మకం.

తూర్పు ద్వారాన లోపలికి వెళ్ళగానే పొడుగాటి వసారా. అందులో ముసలివాళ్ళు బారులు తీరి పేకాడుతున్నారు. ఒక మూల ఎవరో గొంతెత్తి పాడుతున్నారు. అది దాటితే పంటల కోసం ప్రార్థించే మందిరం. మూడంతస్తుల నీలిపెంకుల కప్పు, 38 మీటర్ల ఎత్తు. లోపల 28 కొయ్యస్తంభాలు: నడుమ నాలుగు ఋతువులకు, వాటి చుట్టూ పన్నెండు నెలలకు, వెలుపలి పన్నెండు రోజులోని పన్నెండు భాగాలకు గుర్తు. 1889లో పిడుగు పడి కాలిపోతే, తిరిగి అదే తీరున కట్టారు.

అక్కడినుంచి దక్షిణంగా 360 మీటర్ల ఎత్తైన బాట. దానికి మూడు వరుసలు. నడిమి వరుస దేవుడిది; చక్రవర్తి తూర్పు పక్క వరుసలో నడవవలసినదే. "అంతటివాడికీ పక్కదారేనన్నమాట!" అని మా ఆవిడ సంబరపడ్డది.

నిష్ఠ కూడా కఠినమే. దక్షిణపు వేదిక మీద పూజ శీతకాలంలో, పగలు అన్నిటికన్న పొట్టిగా ఉండే రోజున, తెల్లవారక ముందే జరిగేది. అంతకు ముందు మూడు రోజులు చక్రవర్తికి మాంసం లేదు, మద్యం లేదు, సంగీతం లేదు. ఆ నిష్ఠకోసం పడమట వేరే ఒక భవనమే ఉన్నది. దాని ముందు పలక పట్టుకొని నిలుచున్న కంచు బొమ్మ ఒకటి, ఆయనకు వ్రతం గుర్తు చేయడానికట! ఎండకాలంలో వాన కోసం మొక్కు కూడా ఆ వేదిక మీదనే.

చివరకు ఆ వేదిక చేరాము. మూడంతస్తుల తెల్లరాతి అరుగు, పైన కప్పు లేదు. నట్టనడుమ ఒక గుండ్రని రాయి. దాని చుట్టూ మొదటి వరుసలో 9 పలకలు, రెండవదానిలో 18, అలాగే తొమ్మిదవ వరుసకు 81. ఎవరి ముందూ తల వంచని చక్రవర్తి సాష్టాంగపడినది ఈ వేదిక మీదనే. ఇప్పుడు జనం వరుసకట్టి ఆ నడిమి రాయెక్కి ఫొటోలు తీయించుకుంటున్నారు.

మా ఆవిడ ఆగిపోయింది. "మొక్కిన చోటు కదండీ, చెప్పులతో ఎలా ఎక్కుతాం?"

"అమ్మా, వీళ్ళకు ఆ ఆచారం లేదు. అందరూ బూట్లతోనే ఎక్కుతున్నారు, చూడు," అన్నాడు మావాడు.

నేను చదివిన చదువు ఒలకబోశాను. "1900లో విదేశాల సేనలు బీజింగును పట్టుకున్నప్పుడు ఇక్కడే డేరాలు వేశాయి. బ్రిటిషువారి కొలువులో మన దేశపు సిపాయిలూ వచ్చారు. అప్పుడే బూట్లు తొక్కిన నేల ఇది. 1914లో ఆఖరి పూజ జరిగింది. 1918 నుంచి అందరి తోట. ఒకప్పుడు పూజకు ఊరేగింపు వెళ్తుంటే జనం తలుపులు మూసుకోవలసి వచ్చేది. ఇప్పుడు మనబోటివాళ్ళం ఎక్కడమే మంచిది కాదూ?"

"ఎక్కనన్నానా? వాళ్ళు తొక్కారని మనమూ తొక్కాలా?" అని, ఆ చలిలో బూట్లు విప్పేసింది. మావాడు సిగ్గుతో అటు తిరిగాడు. వెనుక నిలుచున్న చీనా ముసలమ్మ ఒకామె మాత్రం ఏమనుకున్నదో, జారకుండా మా ఆవిడ మోచేయి పట్టుకున్నది. మేజోళ్ళతో ఆ రాతి మీద అర నిమిషం నిలబడి, పెదవులు కదిలించి, దిగి వచ్చింది.

"ఏమి కోరుకున్నావు?" అని తోవలో అడిగాను.

"వానలు పడాలని. అక్కడ అడగవలసినది అదేగా!"

"ఎక్కడ?"

"ఎక్కడేమిటండీ, పైనున్న ఆకాశం ఒక్కటేగా!" అన్నది, బూటు తాడు బిగించుకుంటూ.