తుపాకియు ప్రకటనయు

మన పాఠశాల సాహిత్య సమాజమువారు ఇటీవల “అమెరికా సంయుక్త రాష్ట్రములలో దాడి తుపాకులను నిషేధింపవలెను” అను విషయమును గూర్చి చర్చ జరిపిరి. నేను అగ్రాసనాధిపతినై యుండుటచే నా యభిప్రాయము చెప్పుటకు వీలు లేకపోయినది. తీర్మానము అధిక సంఖ్యాకుల సమ్మతితో నెగ్గినది. ఆనాడు చెప్పలేకపోయిన మాటలను ఈ పత్రికాముఖమున చదువరులకు మనవి చేసికొనుచున్నాను.

సముద్రముల కావలి దేశపు తుపాకులతో మనకేమి పని యని ఒక పెద్దమనుషుడు సభానంతరమున నన్నడిగెను. మన పిల్లల అన్నలును అక్కలును అచ్చట చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు నున్నారు. 2023 మే 6వ తేదీని టెక్సాసులోని అలెన్ పట్టణమున, అంగళ్ల సముదాయములో ఒకడు 8 మందిని కాల్చి చంపినప్పుడు, మృతులలో హైదరాబాదునుండి పోయిన యువతి, ఇంజనీరు, ఒకతె యుండెను. అతనికి నేనీ సంగతియే చెప్పితిని.

తీర్మానము నెదిరించి మాటలాడిన పదవ తరగతి బాలుడు మంచి వక్త. కత్తితోను చంపవచ్చును గదా, కత్తిని నిషేధింతురా యని మొదలుపెట్టి, తుపాకుల పేర్లను, వాని భాగములను, ఏది యెన్ని తూటాలు పట్టునో ఆ లెక్కలను కాగితము చూడకుండ అప్పగించెను. భూగోళములో నదుల పేర్లు చెప్పుటకు తడబడు పిల్లవాడు! ఇవి యెక్కడ నేర్చితివిరా యని యడిగితిని. “ఫోనులో ఆటలో వచ్చునండి, మాస్టారూ” అనెను. నన్నాలోచింపజేసినది వాని వాదము కాదు, ఈ జవాబు.

దాడి తుపాకి యనగా మరతుపాకి కాదు. మీట నొక్కినప్పుడెల్ల ఒక్క తూటాయే వెడలును; మరుతూటా తనంతట తానే వచ్చి నిలుచును. సైనికుల తుపాకి పోలికను చేయబడినది. 30 తూటాలు పట్టు పెట్టెను దానికి తగిలింపవచ్చును. 1989 జనవరి 17వ తేదీని కాలిఫోర్నియాలోని స్టాక్టన్ పట్టణమున ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలములో ఇట్టి తుపాకితో 5గురు పిల్లలు చంపబడిరి. ఆగ్నేయాసియానుండి శరణుజొచ్చి వచ్చిన కుటుంబముల పిల్లలు వారు. ఆ సంవత్సరమే ఆ రాష్ట్రము నిషేధశాసనము చేసెను. 1994 సెప్టెంబరు 13వ తేదీని దేశమంతటికిని అట్టి శాసనము వచ్చెను గాని, దానికి పదియేండ్ల గడువు పెట్టిరి. 2004లో గడువు తీరెను, ఎవరును పొడిగింపలేదు.

ఆ శాసనము తుపాకిని దాని రూపమునుబట్టి గుర్తించెను. పిస్తోలు పిడి, మడచుటకు వీలగు వెనుకభాగము, బాయినెట్టు తగిలించు కొక్కెము, ఇట్టి వానిలో రెండున్నచో నిషిద్ధము. తయారుచేయువారు ఒకటి రెండు ఊడదీసి, పేరు మార్చి, తక్కిన తుపాకిని యథాప్రకారముగా అమ్ముకొనిరి. చొక్కా గుండీలు మార్చినంత మాత్రమున మనిషి మారునా? ఆ శాసనములో నిజముగా పనికివచ్చు భాగము, 10 తూటాలకు మించి పట్టు పెట్టెలను క్రొత్తగా చేసి యమ్మరాదనుటయే యని నా యభిప్రాయము. కాల్చువాడు పెట్టె మార్చుకొను ఆ కొద్ది క్షణములలో పిల్లలు పరుగెత్తి తప్పించుకొనవచ్చును. ఇంతమాత్రమునకైనను నేను నిషేధపక్షమువాడనే.

అయినను ఎదిరిపక్షమువారి మాటలో సత్యము లేకపోలేదు. ఆ దేశమున తుపాకి హత్యలలో అధికభాగము చేతిపిస్తోళ్లవలన జరుగుచున్నది. తుపాకివలని మరణములలో సగముకంటె ఎక్కువ ఆత్మహత్యలు. ఆయుధములు కలిగియుండు హక్కు 1791 నుండి వారి రాజ్యాంగములో నున్నది. ఆస్ట్రేలియా 1996లో 35 మంది చనిపోయిన పిమ్మట, న్యూజిలాండు 2019లో 51 మంది చనిపోయిన పిమ్మట, శాసనము చేసి తుపాకులను ప్రజలయొద్దనుండి కొనివేసినవి. ఆ దేశములకు అట్టి రాజ్యాంగపు అడ్డంకి లేదు.

ఇక ప్రకటనల సంగతి. 2012 డిసెంబరు 14వ తేదీని కనెక్టికటు రాష్ట్రములోని న్యూటౌన్ పాఠశాలలో 20 మంది పసిపిల్లలును, 6గురు పెద్దలును హతులైరి. హంతకునికి 20 ఏండ్లు. వాడు వాడిన తుపాకి జాతిని గూర్చి తయారుచేసినవారు పత్రికలలో వేసిన ప్రకటన యొకటి గలదు: దీనిని కొనినవానికి పోయిన మగతనపు యోగ్యతాపత్రము మరల చేతికి వచ్చునని దాని భావము. మగవాడగుటకు తుపాకి కొనవలెనని పడుచువానికి చెప్పుట పాఠము చెప్పుట కాదా? మృతుల కుటుంబములవారు కొందరు ఆ కంపెనీపై దావా వేసిరి. తుపాకి దుర్వినియోగమునకు తయారీదారును బాధ్యుని చేయరాదని 2005 నాటి శాసనము. కాని ఆ శాసనములోనే ఒక సందున్నది. ప్రకటనలు రాష్ట్రపు వర్తక న్యాయమునకు విరుద్ధముగా నున్నచో దావా నడువవచ్చునని 2019లో ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము చెప్పెను. 2022 ఫిబ్రవరిలో 7 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ కుదిరెను.

ఆ సంవత్సరమే కాలిఫోర్నియావారు పిల్లలకు నచ్చునట్లు తుపాకుల ప్రకటనలు చేయరాదని శాసించిరి. 2023లో న్యాయస్థానము, ఇది వాక్స్వాతంత్ర్యమునకు విరుద్ధమై యుండవచ్చునని చెప్పి అడ్డుకొనెను. నాకు దీనిపై కోపము రాలేదు. ఏది అచ్చువేయవచ్చునో ఏది కూడదో దొరతనమువారు ముందుగా నిర్ణయించుట, ఈ చిన్న పత్రికను నడుపు మనకును ఇష్టము కాదు. అచ్చువేయనిచ్చి, పిమ్మట దాని ఫలమునకు న్యాయస్థానములో జవాబు చెప్పించుట మేలు. కనెక్టికటు మార్గము అదియే.

2022 మే 16వ తేదీని మరియొక తుపాకి కంపెనీ ఒడిలో తుపాకి పెట్టుకొని కూర్చున్న చిన్నబిడ్డ చిత్రమును లోకమునకు చూపించెను. దానితోబాటు వ్రాసినది సామెతల గ్రంథము 22వ అధ్యాయము 6వ వచనము. ఆ వచనమెట్టిదో మన పాఠశాలలో చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మొదటి వారమున మాకు బోధించినది అదియే. ఎనిమిది దినములకు, టెక్సాసులోని యువాల్డి పాఠశాలలో 19 మంది పిల్లలును, 2గురు ఉపాధ్యాయినులును చంపబడిరి. హంతకునికి 18 ఏండ్లు నిండి కొద్దిదినములే యైనది. వాని తుపాకి ఆ కంపెనీదే. ఆ చిత్రమును వాడు చూచెనని నేననను. ఆ వచనమును అచ్చట వ్రాసిన చేతిని గూర్చియే నా బాధ.

తుపాకుల నరికట్టగోరువారును ప్రకటనలు చేయుచున్నారు. 2013లో వచ్చినదానిలో ఇద్దరు పిల్లలు కూర్చుందురు. ఒకరి చేతిలో కథల పుస్తకము, ఒకరి చేతిలో దాడి తుపాకి. పిల్లల రక్షణకై నిషేధింపబడినది వీనిలో ఏది యని ప్రశ్న. చురుకైనదే గాని, అది ఎదుటివానిని ఎగతాళి చేయునే కాని ఒప్పింపజాలదు. న్యూటౌన్ బిడ్డల తలిదండ్రులు నడుపు సంస్థ 2016లో విడుదల చేసిన చిన్న చలనచిత్రము వేరు. ఒక బాలుడును ఒక బాలికయు ఒకరినొకరు చూడకయే పాఠశాల బల్లపై వ్రాతలు వ్రాసికొందురు. కడపట వారు కలిసికొను వేళకు ఒకడు తుపాకితో లోపలికి వచ్చును. పిమ్మట అవే దృశ్యములను మరల చూపుదురు. ప్రతిదానిలోను వెనుక ప్రక్కగా ఆ మూడవ బాలుడు ఒంటరిగా నున్నాడు. మొదటిసారి నేను వానిని చూడనేలేదు. ఇరువది యేండ్లనుండి వెనుక బల్లలను కనిపెట్టుటయే పనిగా గల నేను!

రాబోవు చర్చకు “ప్రకటన చేసినవాడు దాని ఫలమునకు బాధ్యుడు” అను విషయమును నిర్ణయించితిమి. తుపాకుల పేర్లు అప్పగించిన బాలునికి ఈసారి అనుకూలపక్షము వచ్చినది. వాడు మొన్న సాయంకాలము మా యింటికి వచ్చి, కనెక్టికటు వ్యాజ్యపు సంగతులను తెలుగులో వ్రాసికొని పోయెను. న్యూటౌన్ పిల్లలకు ఎన్నేండ్లు మాస్టారూ యని యడిగెను. ఆరును ఏడును అని చెప్పితిని. వాని చెల్లెలు మన పాఠశాలలోనే రెండవ తరగతి చదువుచున్నది.