మన పెరటి వావిలి ఉండగా లావెండరు దిండ్లేల?

నిద్ర అనేది శరీరమనే ఇంటిని నిలబెట్టే ఊతకంబాలలో ఒకటని మన ఆయుర్వేదాచార్యులు చెప్పారు. చరకసంహిత సూత్రస్థానం 11వ అధ్యాయంలో ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం అనే మూడింటినీ ఉపస్తంభాలుగా పేర్కొన్నారు. వీటిలో ఆహారాన్ని గురించి మనం చాలినంతగా మాట్లాడుకొంటూనే ఉన్నాము. నిద్ర విషయానికి వచ్చేసరికి మాత్రం, దానిని అంగడిలో కొని తెచ్చుకొనే వస్తువుగా భావించడం మొదలయింది. ఈ ధోరణికి ఒక నిదర్శనం లావెండరు దిండు.

ఊదారంగు పూలబొమ్మలు అచ్చువేసిన సంచులలో, "గాఢనిద్రకు" అన్న హామీతో ఈ దిండ్లు మన ఊళ్ళకు కూడా వచ్చి చేరుతున్నాయి. మా బంధువులలో ఒకావిడ హెచ్చు ధర పెట్టి అటువంటి దిండొకటి తెప్పించుకొన్నది. అంచు కుట్టు విప్పి చూస్తే లోపల పాలియెస్టరు పీచు, దానిపైన చల్లిన సెంటు వాసన తప్ప ఎండిన పూవు ఒక్కటీ కనిపించలేదు. మూడు వారాలకు ఆ వాసనా పోయింది. అందరూ ఇలాగే అమ్ముతారని నేననను. కాని అసలైన లావెండరు పూలే నింపి ఇచ్చినా, గోదావరి డెల్టాలో కాపురముండే మనకు వాటి అవసరం ఏమిటన్నది నా ప్రశ్న.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరిమళపు దిండు కావాలనుకొంటే మన కాలువ గట్టున పెరిగే వావిలాకుతో, పచారీ కొట్టులో దొరికే వట్టివేళ్ళతో ఇంట్లోనే కుట్టుకోవచ్చు. అంతకన్న ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది. మన తేమ నేలలో దిండుకు ఉండవలసిన మొదటి గుణం సువాసన కాదు, పొడితనం.

లావెండరు ఎక్కడిది?

లావెండరు మధ్యధరా సముద్ర ప్రాంతపు మొక్క. దానికి చల్లని పొడిగాలి, నీరు నిలవని నేల కావాలి. మన దేశంలో జమ్మూ ప్రాంతపు భదర్వాలో, అయిదువేల అడుగుల పైచిలుకు ఎత్తున, రైతులు మొక్కజొన్న మాని దీనిని పండిస్తున్నారు. అక్కడి రైతుకు అది మంచి ఆదాయమే. కాని గౌతమీ వసిష్ఠల నడుమ, వరి చేలూ కొబ్బరి తోటలూ నిండిన మన ఒండ్రుమట్టిలో ఆ మొక్క సుఖంగా బ్రతకదు.

ఆ పరిమళం మాత్రం మనకు కొత్తది కాదు. లావెండరు తైలంలోని ప్రధాన ద్రవ్యాలలో లినలూల్ అనేది ఒకటి. మనం చారులో వేసుకొనే ధనియాల తైలంలో అత్యధిక భాగం ఈ లినలూలే. అంతేకాదు, వృక్షశాస్త్రం ప్రకారం లావెండరు తులసి కుటుంబానికి చెందినది. తులసి, మరువం, రుద్రజడ, చివరకు వావిలి కూడా ఆ కుటుంబంలోనివే. అంటే పెరట్లో ఉన్న అక్కచెల్లెళ్ళను పలకరించకుండా, దూరదేశపు దాయాదికి కబురు పంపుతున్నామన్నమాట.

లావెండరు వాసన వల్ల కొందరికి నిద్ర కొంత బాగుపడినట్లు చిన్న చిన్న పరిశోధనలు కొన్ని చెబుతున్నాయి. దానిని నేను కాదనను. అయితే చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో నిద్ర పట్టించే ఉపాయాలు చెబుతూ అభ్యంగనం, స్నానం, పాలు, నెయ్యి, చక్కగా పరచిన పడక, సుఖమైన ఇల్లు, తగిన వేళ అనే వాటితోపాటు మనస్సుకు నచ్చిన పరిమళాలను కూడా చేర్చాడు. ఫలానా పూవు అని నిర్దేశించలేదు. వేసవి మధ్యాహ్నం వట్టివేళ్ళ తడికలపై నీళ్ళు చల్లిన ఇంట్లో పెరిగినవారికి ఆ మట్టివాసనను మించిన జోలపాట ఏముంటుంది?

వావిలి మనకు పాత చుట్టం

వావిలిని సంస్కృతంలో నిర్గుండి అంటారు. మూడు లేక అయిదు రెక్కలుగా చీలిన ఆకు, ఆకు అడుగున బూడిద తెలుపు, కొమ్మ చివర సన్నని నీలి ఊదా పూలు దీని గుర్తులు. వాత కఫాలను హరించే మూలికగా ఆయుర్వేదం దీనిని గౌరవిస్తుంది. మన ఇళ్ళలో బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్ళతో స్నానం చేయించడం ఎరుగని ముత్తయిదువ లేదు. ధాన్యం గాదెలలో పురుగు చేరకుండా ఈ ఆకు వేసే అలవాటూ ఉన్నది.

తలనొప్పికి, పడిశానికి వావిలాకు నింపిన దిండు తలకింద పెట్టుకోవడం మన దేశంలో పాత వాడుకే. 19వ శతాబ్దంలో మన మూలికలను గురించి గ్రంథాలు వ్రాసిన ఆంగ్లేయులు సైతం ఈ దిండును ప్రస్తావించారు. అంతకు ముందే, 1781 నుండి పన్నెండేళ్ళపాటు మన సామర్లకోటలో ఉండి తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు ఈ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి, వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. పరాయివాడు మన మొక్క పేరు మనవాళ్ళనడిగి వ్రాసుకొన్నాడు. మన పిల్లలకు మాత్రం లావెండరు పేరు తెలిసినంతగా వావిలి పేరు తెలియదు. ఇది విచారింపదగిన విషయం కాదా?

తేమ చేసే చేటు

పరదేశపు పుస్తకాలలో పరిమళపు దిండు చేసే పద్ధతి ఇలా ఉంటుంది: ఎండిన పూలను దూదిలో కలిపి నింపి, నాలుగు వైపులా కుట్టివేయడం. చలిదేశపు పొడిగాలిలో అది నడుస్తుంది. మన ఆషాఢ శ్రావణాలలో నడవదు. గోడలే చెమర్చే రోజులలో దిండులోని ఆకు తేమ పీల్చి, బూజు పట్టి, ముక్కవాసన కొడుతుంది. రాత్రంతా ఆ బూజు ధూళిని పీల్చినవారికి తుమ్ములు, ఉబ్బసం రావడంలో ఆశ్చర్యమేమున్నది? తేమగా ఉన్న దిండ్లలో కంటికి కనిపించని ధూళి పురుగులు కూడా వృద్ధి చెందుతాయి. నిద్రకోసం కొన్న దిండే నిద్రను చెడగొడుతుంది.

కాబట్టి నేను చెప్పే పద్ధతిలో ఆకు దిండులోపల ఉండదు. దిండుకూ గలేబుకూ నడుమ ఒక చిన్న సంచిలో ఉంటుంది. కావలసినప్పుడు తీసి ఎండబెట్టవచ్చు, పాడయితే పారవేయవచ్చు.

కుట్టే విధానం

దిండు నింపడానికి బూరుగుదూది శ్రేష్ఠం. దాని పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో ఉంటుంది గనుక నీటిని త్వరగా పీల్చుకోదు. ఒకప్పుడు ఓడలలో ప్రాణరక్షణ చొక్కాలు దీనితోనే నింపేవారు. వేసవిలో కాయలు పగిలే కాలంలో దూది సేకరించి, లోతైన బుట్టలో వేసి కర్రతో తిప్పితే గింజలు అడుగుకు దిగుతాయి. ఈ పని చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

దట్టంగా నేసిన నూలుగుడ్డ తీసుకొని, రాత్రంతా నీళ్ళలో నానవేసి, ఆరబెట్టి, ఆ తరువాతనే కత్తిరించాలి. లేనిచో మొదటి ఉతుకులోనే కుంచించుకొనిపోతుంది. బండారులంక వంటి ఊళ్ళ చేనేత గుడ్డ దొరికితే గలేబుకు అది ఎంతో హాయి. దిండుకు 27 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు చాలు. కుట్టులకు ప్రతి వైపు అర అంగుళం అదనంగా వదలాలి. గుడ్డను తిరగేసి మూడు వైపులా రెండేసి వరసల కుట్టు వేయాలి. ఒక్క వరస వేస్తే బూరుగుదూది నూగు బయటకు వస్తుంది. నాలుగో వైపు జానెడు ఖాళీ ఉంచి, గుడ్డను మంచివైపుకు తిప్పి, ముందు మూలలు, తరువాత నడుమ నింపాలి. సుమారు కిలో దూది పడుతుంది. మెడ మరీ ఎత్తుగా లేవకుండా చూసుకొని, ఖాళీని చేతికుట్టుతో మూసివేయాలి.

ఇక పరిమళపు సంచి. పలుచని మల్లు గుడ్డతో జానెడు పొడవు, జానెడు వెడల్పు గల సంచి కుట్టి, మూతికి నాడా పెట్టాలి. వావిలాకు కోసి, కడిగి, నీడలో గలగలమనేదాకా ఆరబెట్టాలి. చేతితో నలిపితే పొడి కావాలి, మెత్తగా వంగితే ఇంకా తేమ ఉన్నట్లే. ఎండిన ఆకు 100 గ్రాములు, అంగుళం ముక్కలుగా కత్తిరించిన వట్టివేళ్ళు 50 గ్రాములు, ఎండిన మరువం గుప్పెడు కలిపి సంచిలో వదులుగా నింపాలి. ఇష్టమైనవారు మరువానికి బదులు దవనం వేసుకోవచ్చు. ధనియాలు వేయదలిస్తే బాగా ఎండబెట్టి చెంచాడు మాత్రమే వేయాలి, వాటికి పురుగు త్వరగా పడుతుంది. గలేబు లోపలివైపు, ఒక మూలన, ఈ సంచి పట్టే జేబు కుడితే అది జారిపోకుండా ఉంటుంది.

వావిలి దగ్గరలో లేనివారు ఒక కొమ్మ తెచ్చి పెరట్లో నాటితే చాలు, సులభంగా బ్రతుకుతుంది. మరువం మొక్కకు కడియం, కడియపులంక నర్సరీలలో విచారించవచ్చు.

వారానికొకసారి దిండును రెండు మూడు గంటలు ఎండలో వేసి, కర్రతో మెల్లగా తట్టాలి. గలేబు వారం వారం వేడినీళ్ళతో ఉతకాలి. సంచిలోని ఆకును మూడు నెలలకొకసారి మార్చాలి. ముసురు పట్టిన రోజులలో సంచిని తీసి గాలి చొరని డబ్బాలో దాచి, ఎండ వచ్చాక మరల వాడుకోవాలి. ఏ మాత్రం బూజువాసన వచ్చినా సంకోచించక పారవేయాలి.

ఈ జాగ్రత్తలు మరువరాదు

ఏడాది నిండని పసిబిడ్డకు ఏ దిండూ పెట్టరాదు. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెట్టే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది. పెద్దల మాట మీద గౌరవముంచే ఈ మాట చెబుతున్నాను. మెత్తని దిండు, దుప్పటి పసిబిడ్డ ముక్కుకు అడ్డుపడి ఊపిరాడకుండా చేసే ప్రమాదమున్నందున, బిడ్డను వెల్లకిల, చదునైన గట్టి పడకపై పడుకోబెట్టాలని నేటి శిశువైద్యులు గట్టిగా చెబుతున్నారు. ఈ విషయంలో వారి మాటే వినాలి.

ఉబ్బసం, ఎలర్జీ ఉన్నవారికి ఎంత మంచి మూలిక వాసన అయినా పడకపోవచ్చు. వారు ముందుగా పగటిపూట కొద్దిసేపు వాసన చూసి, ఇబ్బంది లేకుంటేనే వాడాలి. లేదా సంచి లేకుండా శుభ్రమైన దిండు మాత్రమే వాడుకోవాలి.

వావిలాకు దిండు నిద్రలేమి వ్యాధిని నయం చేస్తుందని నేను చెప్పడం లేదు. అలా చెబితే ఊదాపూల సంచిమీది హామీకీ నా మాటకూ తేడా ఉండదు. వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలుగా నిద్ర పట్టనివారు, గురకలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారు, దిగులుతో తెల్లవారుజామునే మెలకువ వచ్చేవారు తప్పక వైద్యుని చూడాలి. నిద్రమాత్రలు వాడుతున్నవారు వైద్యుని అడగకుండా వాటిని హఠాత్తుగా మానరాదు.

ఎవరి చేతి పని?

ఒకప్పుడు దూదేకులవారు విల్లు భుజాన వేసుకొని వీధులలో తిరిగేవారు. ఆ తంత్రి మ్రోత వినగానే ఇల్లాండ్రు పాత పరుపులూ దిండ్లూ అరుగుమీదకు తెచ్చేవారు. గట్టిపడిన దూది వారి చేతిలో మళ్ళీ మబ్బులా విచ్చుకొనేది. అంటే దిండును విప్పి, శుభ్రపరచి, తిరిగి నింపడం ఆనాడు సామాన్య గృహధర్మం. నేటి పీచుదిండు విప్పడానికి వీలులేదు. చెమట పీల్చదు, కొన్నాళ్ళకు ఉండలు కడుతుంది, చివరకు చెత్తకుప్ప చేరి మట్టిలో కలవకుండా మిగిలిపోతుంది. దూది ఏకేవారి పనీ పోయింది, మన దిండు శుభ్రతా పోయింది.

ఈ రెండవ నష్టాన్ని మనమే పూడ్చుకోగలం. ఒక సెలవు రోజు, కొంత గుడ్డ, ఒక సూది, నాలుగు వావిలి కొమ్మలు చాలు. పిల్లలను కూడా కూర్చోబెట్టుకొని ఆకు దూయమంటే, మొక్క పేరు వారికి జీవితాంతం గుర్తుంటుంది. లావెండరును ద్వేషించనవసరం లేదు. అది పండే నేలలో అది మంచిదే. మన నేలలో పండేదానిని ముందు వాడి చూడండని మాత్రమే పాఠకులను, ముఖ్యంగా సోదరీమణులను కోరుతున్నాను. వేసవి ఎండలు ఉండగానే ఆకు ఆరబెట్టుకొంటే, వానలు ముగిసేదాకా అది డబ్బాలో భద్రంగా ఉంటుంది.