నయమైపోని జబ్బు – ఇంటివారి బాధ్యత

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ చేరతారు. ఒకరు గంజి కాస్తారు, ఒకరు మందులు తెస్తారు, ఇరుగుపొరుగు వచ్చి పలకరిస్తారు. వారం తిరిగేసరికి రోగి లేచి తిరుగుతాడు. అందరూ అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకుని తమ తమ పనుల్లో పడతారు. అయితే వారంలో పోని జబ్బులు కూడా ఉన్నాయి. అవి నెలల తరబడి, సంవత్సరాల తరబడి, కొన్నిసార్లు జీవితాంతం మనిషిని అంటిపెట్టుకుని ఉంటాయి. అటువంటి జబ్బు వచ్చినప్పుడు మొదటి నెలలో చుట్టూ చేరిన జనం రెండవ నెలలో పలచబడతారు. ఆరవ నెలకు "ఇంకా తగ్గలేదా?" అన్న ప్రశ్న ఒక్కటే మిగులుతుంది. ఏడాది గడిచేసరికి ఆ ప్రశ్నలో జాలి పోయి విసుగు చేరుతుంది. ఈ నెల ఆ విసుగును గురించే పాఠకులతో మాట్లాడదలిచాము.

దీనికి ఉదాహరణగా లూపస్ అనే వ్యాధిని తీసుకుంటున్నాము. కారణం ఏమంటే, ఇది ఎక్కువగా స్త్రీలకు వచ్చే వ్యాధి. ప్రతి పదిమంది రోగులలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే. అది కూడా చాలామందికి 15 నుంచి 45 ఏళ్ళ మధ్య, అనగా చదువు, పెళ్ళి, కాన్పులు, పిల్లల పెంపకం సాగే వయసులోనే మొదలవుతుంది. కనుక ఇది ఒక మనిషికి వచ్చే జబ్బే అయినా, దాని భారం ఇల్లంతటి మీద పడుతుంది.

జబ్బు స్వరూపం

అల్లాహ్ మన శరీరంలో రోగాలను ఎదుర్కొనే ఒక రక్షణ వ్యవస్థను ఏర్పాటు చేశాడు. బయటినుంచి వచ్చే క్రిములను గుర్తించి చంపడం దాని పని. లూపస్‌లో ఆ వ్యవస్థ తన శరీరాన్నే శత్రువుగా భావించి దాడి చేస్తుంది. కాపలా పెట్టుకున్న మనిషే ఇంటివాళ్ళను దొంగలనుకుని కొట్టినట్లుంటుంది. ఆ దాడి కీళ్ళ మీద జరిగితే నొప్పులు, వాపులు వస్తాయి. చర్మం మీద జరిగితే ముక్కుకు ఇరువైపులా చెంపల మీద సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో ఎర్రని దద్దురు కనిపిస్తుంది. జుట్టు రాలుతుంది, నోట్లో పుండ్లు పడతాయి. మూత్రపిండాల మీద జరిగితే మొదట్లో ఏ నొప్పీ తెలియదు. మూత్రంలో ప్రొటీను పోతూ ఉంటుంది, రక్తపోటు పెరుగుతుంది, కాళ్ళు ఉబ్బుతాయి. అందుకే వైద్యులు వీరికి రక్త, మూత్ర పరీక్షలు తరచుగా చేయిస్తారు. ఇది అంటువ్యాధి కాదు. తాకితే రాదు, ఎంగిలి తింటే రాదు.

ఈ వ్యాధికి మరొక లక్షణం ఉంది. ఇది ఎప్పుడూ ఒకే తీరుగా ఉండదు. కొన్ని వారాలు అణగి ఉంటుంది, మళ్ళీ విజృంభిస్తుంది. ఎండ తగిలినా, నిద్ర చాలకపోయినా, మందులు మానినా తిరగబెట్టవచ్చు. అన్నిటికంటే మించి ఒక అలసట ఉంటుంది. అది పని చేస్తే వచ్చి నిద్రపోతే పోయే అలసట కాదు. రాత్రంతా పడుకుని లేచినా అది ఒంట్లోనే ఉంటుంది. పైకి మాత్రం మనిషి బాగానే కనబడుతుంది. "నిన్న వలీమాలో నవ్వుతూ తిరిగింది, ఈ రోజు వంటింట్లోకి రమ్మంటే కాళ్ళ నొప్పులట!" అనే మాట ఇక్కడినుంచే పుడుతుంది. నిన్న వలీమాకు వెళ్ళినందుకే ఈ రోజు లేవలేకపోతున్నదని ఆ మాట అన్నవారికి తెలియదు.

మా వద్ద చదువుకుని, పెళ్ళి చేసుకుని వెళ్ళిన ఒక అమ్మాయి విషయం చెబుతాము. ఫజర్ వేళకు ఆమె చేతివేళ్ళు ముడుచుకునేవి కావట. రొట్టెల పిండి కలపలేకపోయేది. ఇంటివారు దానిని బద్ధకమన్నారు. జబ్బు పేరు తెలియడానికే రెండేళ్ళు పట్టింది. తెలిసిన తరువాత వచ్చిన రమజాన్‌లో "నలుగురూ ఉపవాసముంటే నువ్వొక్కతెవే మాత్రలు మింగుతావా?" అని ఎవరో అన్నారు. ఆ మాట పడలేక ఆమె మాత్రలు మానివేసింది, ఉపవాసాలుంది, సహరీ వంట కూడా తానే చేసింది. పండుగ వెళ్ళిన పది రోజులకు కాళ్ళు, ముఖం ఉబ్బి ఆసుపత్రిలో చేరింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తేలింది. అల్లాహ్ దయవల్ల ప్రాణం నిలిచింది. కానీ పోయినదంతా తిరిగి రాలేదు.

రుఖ్సత్‌ను కాదనే హక్కు ఎవరికుంది?

సోదర సోదరీమణులారా! రోగికి ఉపవాసం విషయంలో సడలింపు ఇచ్చినది ఏ మౌలానా కాదు. దివ్యఖుర్ఆన్‌లోని బఖరా సూరాలో 184, 185 ఆయతులు రెండింటిలోనూ రోగికి, ప్రయాణికునికి ఆ సడలింపు ప్రస్తావించబడింది. తన దాసుల పట్ల అల్లాహ్ కోరేది సౌలభ్యమేనన్న విషయం కూడా అక్కడే తెలుపబడింది. కోలుకునే ఆశ ఉన్న రోగి తరువాతి రోజులలో ఖజా చేస్తాడు. ఇక ఎన్నడూ ఉపవాసముండలేని స్థితి ఉంటే ఒక్కొక్క ఉపవాసానికి ఒక్కొక్క నిరుపేదకు అన్నం పెట్టి ఫిద్యా చెల్లిస్తాడు. ఆపైన శక్తి వస్తే వాటిని ఖజా చేయాలని హనఫీ ఫుఖహా చెప్పారు. లూపస్ రోగులలో జబ్బు అణగి ఉన్నవారికి కొందరికి వైద్యులు ఉపవాసాన్ని అనుమతిస్తారు, మాత్రలను సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుతారు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిని వద్దంటారు. ఈ నిర్ణయం చేయవలసింది నైపుణ్యం గల వైద్యుడు, మసాయిల్ తెలిసిన ఆలిమ్. వదినగారు కాదు, పక్కింటి ఆపా కాదు.

అబూ దావూద్ గ్రంథంలోని ఒక హదీసును మేము మా విద్యార్థులకు ప్రతి సంవత్సరం చెబుతాము. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తికి రాయి తగిలి తలకు గాయమైంది. ఆ స్థితిలో అతనికి గుసుల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవచ్చునా అని తోటివారిని అడిగాడు. నీళ్ళు ఉండగా కుదరదన్నారు వారు. అతడు స్నానం చేశాడు, చనిపోయాడు. ఈ సంగతి తెలిసిన దైవప్రవక్త (స) ఎంతో ఆగ్రహించారు. ఆ మరణానికి సలహా ఇచ్చినవారినే బాధ్యులను చేశారు. తెలియనప్పుడు అడిగి తెలుసుకోవలసింది కాదా అని మందలించారు. ఆ తోటివారు చెడ్డవారు కారు. ధర్మం పట్ల వారికి శ్రద్ధ ఉంది. అయినా తెలియకుండా ఒక రోగికి సడలింపును కాదన్నారు. రోగిని ఉపవాసానికి ఎగదోసే ప్రతి ఒక్కరూ ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

నమాజు విషయమూ ఇంతే. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు పడుకుని చదవవచ్చునని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ప్రవక్త (స) తెలిపారు. లూపస్ ఉన్నవారిలో కొందరికి చల్లని నీళ్ళు తగిలితే వేళ్ళు తెల్లబడి, నీలమెక్కి, మొద్దుబారతాయి. అటువంటి వారికి చలికాలం ఫజర్‌కు వేడినీళ్ళు సిద్ధం చేసి ఉంచడం ఇంటివారికి ఎంత పని? వేడినీళ్ళు దొరకక, చన్నీళ్ళు హాని చేసేటట్లయితే తయమ్ముమ్ ఉండనే ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆరాధనలు రోగంలో చేయలేకపోయినా వాటి పుణ్యం వ్రాయబడుతూనే ఉంటుందని సహీహ్ బుఖారీలోని హదీసు తెలుపుతున్నది. కనుక మంచం పట్టిన సోదరి తన ఖాతా ఖాళీ అయిందని దిగులు పడనక్కరలేదు.

సహనం అంటే మౌనం కాదు

"సబర్ చేయమ్మా" అనే మాటను మనం చాలా తేలికగా వాడుతున్నాము. నిజానికి అనేకసార్లు మన అభిప్రాయం "నీ నొప్పి సంగతి మాకు చెప్పకు" అని. హజ్రత్ అయ్యూబ్ (అలైహిస్సలామ్) సహనానికి ఆదర్శమూర్తి. ఆయన కూడా తన బాధను అల్లాహ్‌కు విన్నవించుకున్నారు. ఒకసారి హజ్రత్ ఆయిషా (రజి) తలనొప్పితో మూలిగినప్పుడు, దైవప్రవక్త (స) తన తల కూడా నొప్పిగానే ఉన్నదని చెప్పారు. నొప్పిని నొప్పి అనడం అసహనం కాదు. విధివ్రాతను తిట్టుకోవడం వేరు, "ఈ రోజు లేవలేను" అని చెప్పడం వేరు. ఆ రెండవ మాటను నమ్మడమే రోగికి మనం చేయగల మొదటి సేవ.

మందు, దుఆ – రెండూ

లూపస్‌ను పూర్తిగా తొలగించే మందు లేదు, అదుపులో ఉంచే మందులు ఉన్నాయి. ఒకప్పుడు మలేరియాకు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర నేడు దాదాపు ప్రతి లూపస్ రోగికీ ఇస్తారు. అది దీర్ఘకాలం వాడవలసిన మందు కనుక కంటి పరీక్షలు చేయిస్తారు. జబ్బు విజృంభించినప్పుడు స్టెరాయిడ్లు ఇస్తారు. వాటివల్ల ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బరువు పెరుగుతుంది. "బాగా లావయ్యావే!" అన్న మాట విని మాత్రలు మానేసే ఆడపిల్లలున్నారు. స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. వైద్యుడే మోతాదును మెల్లమెల్లగా తగ్గించాలి. 1950ల ప్రాంతంలో ఈ జబ్బు తేలిన తరువాత ఐదేళ్ళు బ్రతికేవారు సుమారు సగం మందే. నేడు మంచి వైద్యం అందుతున్న చోట పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆ గడువు దాటుతున్నారు. ఈ జబ్బును చూసే వైద్యులను రుమటాలజిస్టులంటారు. హైదరాబాద్ నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగమే ఉంది.

కొందరు దీనిని నజర్ అనో, చేతబడి అనో భావించి ఆమిల్ల చుట్టూ తిరుగుతారు, తావీజు కట్టించి మాత్రలు మాన్పిస్తారు. వైద్యం చేయించుకోవాలా అని పల్లెవాసులు అడిగినప్పుడు చేయించుకొమ్మని ప్రవక్త (స) ఆదేశించారు. దుఆ చేయండి, సూరా ఫాతిహా చదివి ఊదండి. మాత్ర మాత్రం మాన్పించకండి. మాత్రలో గుణం పెట్టినవాడూ అల్లాహ్‌యే.

సేవ చేసేవారి స్థానం

హిజ్రీ రెండవ సంవత్సరంలో బద్ర్ యుద్ధం జరిగింది. ఇస్లాం చరిత్రలో బద్ర్‌లో పాల్గొన్నవారికి ఉన్న స్థానం మనందరికీ తెలుసు. అయితే హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ యుద్ధానికి వెళ్ళలేదు. ఆయన భార్య, ప్రవక్త (స) గారి కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. ఆమెకు సేవ చేయడానికి ఇంటివద్దనే ఉండమని ప్రవక్త (స) ఆయనను ఆపారు. యుద్ధంలో పాల్గొన్నవారికి లభించే పుణ్యమూ, విజయధనంలో వారితో సమానమైన వాటా ఆయనకు లభిస్తాయని తెలిపారు. భార్య మంచం పక్కన కూర్చున్న భర్తకు బద్ర్ వీరుని వాటా! మన మగవారు ఈ ఘటన మీద కాసేపు ఆలోచించాలి. "ఆసుపత్రికి మీ అమ్మను తోడు తీసుకుపో" అని భార్యతో చెప్పి దుకాణానికి వెళ్ళే సోదరుడు ఏమి పోగొట్టుకుంటున్నాడో గ్రహించాలి.

సేవ అంటే పెద్ద పనులే కానక్కరలేదు. మిట్టమధ్యాహ్నం మేడ మీద బట్టలు ఆరవేసే పని మరొకరు తీసుకోవాలి. ఎండ ఈ రోగానికి శత్రువు. నిండు చేతుల బట్టలు, హిజాబ్ కొంత రక్షణ ఇస్తాయి. ముఖానికి, చేతులకు వైద్యుడు చెప్పిన క్రీము రాసుకోవాలి. పరీక్షల కాగితాలన్నీ ఒక ఫైలులో ఉంచి, తేదీ గుర్తుచేసే బాధ్యత ఇంట్లో ఒకరు వహించాలి. పరామర్శకు వెళ్ళేవారు "ఏమైనా కావాలంటే చెప్పు" అని వచ్చేయడం కంటే "శుక్రవారం మధ్యాహ్నం కూర మేము పంపుతాము" అనడం మేలు. ఎక్కువసేపు కూర్చోకూడదు, తమకు తెలిసిన మరణాల కథలు చెప్పకూడదు. ఒక్కసారి వెళ్ళివస్తే బాధ్యత తీరిపోదు. ఏళ్ళ తరబడి ఉండే జబ్బుకు పరామర్శ కూడా ఏళ్ళ తరబడి ఉండాలి. రోగికి సేవచేస్తూ అలసిన తల్లినో, చెల్లెలినో కూడా పలకరించాలి. పేదరికంలో ఉన్న రోగి జకాత్‌కు అర్హుడు. మాత్రల ఖర్చు నెలనెలా ఉండేది కనుక మస్జిద్ బైతుల్‌మాల్ నుంచి ఒకసారి ఇచ్చి ఊరుకోక నెలనెలా ఏర్పాటు చేయడం సముచితం.

పెళ్ళి మాట

చివరగా, తల్లిదండ్రులకు ఒక మాట. ఆడపిల్లకు ఇటువంటి జబ్బు ఉంటే దాచిపెట్టి పెళ్ళి చేస్తున్నారు. అత్తవారింట మాత్రలు కనబడితే తెలిసిపోతుందని పిల్ల వాటిని మానేస్తుంది. ఈ జబ్బు కనీసం ఆరు నెలలు అణగి ఉన్న తరువాత, వైద్యుని సలహాతోనే గర్భం ధరించడం క్షేమం. కొన్ని మందులు గర్భస్థ శిశువుకు హాని చేస్తాయి కనుక ముందుగానే మార్చుకోవలసి ఉంటుంది. దాచినచోట ఇవేవీ జరగవు. నికాహ్ నమ్మకం మీద నిలిచే ఒప్పందం. దానిని అబద్ధంతో మొదలుపెట్టకండి. తెలిసి చేసుకునే మంచి కుటుంబాలు ఆలస్యంగానైనా దొరుకుతాయి. జాగ్రత్తలు పాటిస్తూ సంసారం చేసుకుంటూ, పిల్లలను కని పెంచుతున్న లూపస్ రోగులు ఎందరో ఉన్నారు. ఇక పెళ్ళి తరువాత జబ్బు బయటపడితే అది కోడలి నేరం కాదు. రేపు అదే జబ్బు మన కుమార్తెకు రావచ్చు. ఆమె అత్తవారు ఎలా ప్రవర్తించాలని కోరుకుంటామో, మన కోడలి పట్ల అలాగే ప్రవర్తిద్దాము.

ఆరోగ్యమిచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. దీర్ఘరోగాలతో బాధపడుతున్న సోదర సోదరీమణులందరికీ ఆయన స్వస్థత ప్రసాదించుగాక! వారికి సేవ చేసేవారికి ఓపికను, వారి మాటను నమ్మే మనసును మనందరికీ అనుగ్రహించుగాక! ఆమీన్.